ఓక్లండ్ మిల్స్ మహిళా కళాశాల విభాగాలు: ఆలస్యంగా రాసిన ఒక సమీక్ష

కళాశాలల సమీక్షలు సాధారణంగా అందులో చేరబోయేవారి కోసం రాస్తారు. నేను రాస్తున్న కళాశాలలో ఇక ఎవరూ చేరలేరు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరంలో 1871 నుంచి నడిచిన మిల్స్ కళాశాల 2022 జూలై 1న బోస్టన్‌కు చెందిన నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. 135 ఎకరాల ఆవరణ, అందులోని నీలగిరి చెట్లు, పాత భవనాలు అలాగే ఉన్నాయి. మహిళా కళాశాల మాత్రం లేదు. అయినా 1930ల మధ్య నుంచి 1960ల మొదటి దాకా ఈ చిన్న సంస్థ తన శాస్త్ర, సంగీత, నాట్య, చిత్ర, మృత్పాత్ర విభాగాలను నడిపిన తీరు అసాధారణమైనది కనుక, అరగంట దూరంలో కాపురం ఉంటూ, అక్కడి కచేరీలకు వెళ్ళివస్తూ ఉండే నాకు, దాన్ని ఒక వినియోగదారు కళ్ళతో తూచి చూడాలనిపించింది. ఆనాడు రుసుము కట్టి చేరిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి ఏ విభాగంలో ఏమి దక్కి ఉండేది అన్నదే నా ప్రశ్న.

నా తూకంరాయి ఏమిటో ముందే చెప్పడం న్యాయం. నేను డిగ్రీ చదివిన మహిళా కళాశాలలో, ఊరూ పేరూ ఎందుకులెండి, సంగీత విభాగం అనే బోర్డు ఉండేది. బోర్డు కింద గది, గదిలో అద్దాల బీరువా, బీరువాలో వీణ. తాళంచెవి ఆఫీసు సూపరింటెండెంటు గారి సొరుగులో ఉండేది. వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు వీణను బయటికి తీసేవారు. అప్పటికి ఎండకు మైనం మెత్తబడి మెట్లు జారిపోయి, మళ్ళీ మేళం కట్టిస్తే తప్ప సరళీస్వరాలకైనా పనికిరాని స్థితిలో ఉండేది. అందువల్ల ఏ మహిళా కళాశాల కళావిభాగాన్ని చూసినా నేను మొదట అడిగేది ఒకటే: ఆ బీరువా తాళంచెవి విద్యార్థిని చేతికి వచ్చిందా?

మిల్స్‌లో సంగీతంతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే దాని పేరు ప్రపంచానికి తెలిసింది సంగీతం వల్లనే. 1928లో కట్టిన సంగీత భవనంలోని కచేరీ హాలు పెద్దది కాదు. గోడల మీద రే బాయ్ంటన్ అనే చిత్రకారుడు వేసిన కుడ్యచిత్రాల రంగులు మాత్రం, నల్లకోట్ల వాద్యగాళ్ళ కోసం కట్టిన హాలులో కాక ఏ గుడి మండపంలోనో కూర్చున్నామనిపించేంత ధైర్యంగా ఉంటాయి. 1940లో జర్మన్ సేనలు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు, యూదు కుటుంబానికి చెందిన స్వరకర్త దారియుస్ మియో భార్యాబిడ్డలతో దేశం విడిచి ఈ కళాశాలకు వచ్చి చేరాడు. 1971 వరకు ఇక్కడే బోధించాడు. ఐరోపాలో అప్పటికే పేరున్న స్వరకర్త, కీళ్ళవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషి, డిగ్రీ మొదటి సంవత్సరపు అమ్మాయిల స్వరరచనలను దిద్దుతూ కూర్చోవడం ఏ రాజధాని నగరపు సంగీత విద్యాలయంలోనైనా సులువుగా జరిగే పని కాదు. ఆయన భార్య మాడ్లెన్ స్వయంగా నటి కావడంతో ఫ్రెంచి బోధిస్తూ విద్యార్థినుల చేత ఫ్రెంచి నాటకాలు ఆడించింది. అంటే ఒకే కుటుంబం ద్వారా సంగీత విభాగానికీ భాషా విభాగానికీ మేలు జరిగింది. జీతాల పద్దు రాసుకున్నవారికి అది గిట్టుబాటు బేరమే అయి ఉండాలి.

అయితే సమీక్ష అన్నాక లోటు కూడా చెప్పాలి. 1947 నుంచి మియో ఒక ఏడాది పారిస్‌లోనూ ఒక ఏడాది మిల్స్‌లోనూ బోధించే ఏర్పాటు చేసుకున్నాడు. నాలుగేళ్ళ చదువుకు వచ్చిన అమ్మాయికి ఆయన పాఠం రెండేళ్ళే దొరికినట్లు లెక్క. ఆ రోజుల్లో అదే విభాగంలో పియానో నేర్పిన ఎగోన్ పెట్రి వంటి దిట్టలు ఉండబట్టి ఆ ఖాళీ మరీ వెలితిగా కనబడలేదు కాని, గురువు ఒక్కడి పేరు చూసి చేరేవారు ఏ కాలంలోనైనా సెలవుల పట్టిక అడగడం మంచిది.

ఈ విభాగపు సరుకు నాణ్యత చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మియో రాసిన తీగవాద్య చతుష్టయాలు మొత్తం 18. వాటిలో 14వది, 15వది విడివిడిగా రెండు పూర్తి రచనలు, కాని రెండింటినీ ఒకేసారి వాయిస్తే ఎనిమిది వాద్యాల మూడవ రచన అవుతుంది. 1949లో బుడాపెస్ట్, పగనీని అనే రెండు ప్రసిద్ధ బృందాలు మిల్స్‌లోనే ఆ ప్రయోగాన్ని తొలిసారి వినిపించాయి. నేను దీన్ని ఇంట్లో రెండు ఫోన్లు పెట్టి పరీక్షించాను. భోజనాల బల్లకు ఒక కొసన ఒకటి, రెండో కొసన మరొకటి పెట్టి, రెండు బొటనవేళ్ళతో ఒకేసారి నొక్కాలి. మొదటి మూడుసార్లు అర సెకను తేడా వచ్చి వంటింట్లో గిన్నెలు దొర్లినట్లు వినబడింది. నాలుగోసారి కుదిరింది. కుదిరాక కూడా అది తియ్యగా ఉంటుందని చెప్పను. దారులు కిక్కిరిసిన కూడలిలా ఉంటుంది. విడిగా విన్నప్పుడు 14వ రచనలో ఎందుకున్నాయో అర్థం కాని కొన్ని విరామాలు, పక్కన 15వది నడుస్తున్నప్పుడు మాత్రం, మాట్లాడుతున్న మనిషి ఎదుటివారికి సందు ఇచ్చినట్లు తోచాయి. రెండు గొంతులూ ఒకదానిమీద ఒకటి పడకుండా ఎలా నడపాలో అంత వివరంగా చూపే పాఠ్యపుస్తకం నాకు వేరే కనబడలేదు. గది అవతల కూర్చున్నవాళ్ళ నుంచి ఫిర్యాదులు వచ్చిన మాట నిజమే.

ఆ 1949లోనే హైదరాబాదులో ఉస్మానియా మహిళా కళాశాల కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారింది. తరువాతి దశాబ్దంలో అక్కడి తెలుగు శాఖలో నాయని కృష్ణకుమారి, పాకాల యశోదారెడ్డి వంటివారు పాఠాలు చెప్పారు. వారు రచయిత్రులు కూడా. ఒకరు జానపద గేయాల మీద, మరొకరు తెలంగాణ పలుకుబడి మీద పనిచేసినవారు. ఆ పోలికను ఇంతకంటే సాగదీయను. చేసేవారే చెప్పడం అన్న సూత్రానికి ఒక్క కాలిఫోర్నియా మాత్రమే హక్కుదారు కాదని గుర్తుచేయడం వరకే నా ఉద్దేశం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి రావాలి. మిల్స్ సంగీత విభాగం పేరు చెప్పగానే వినబడే విద్యార్థుల పేర్లు ఏమిటి? రెండవ ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చి మియో దగ్గర చేరిన జాజ్ పియానో వాద్యగాడు డేవ్ బ్రూబెక్. తన పెద్ద కొడుక్కి గురువు పేరే పెట్టుకున్నాడు. 1960ల మొదట్లో ఇటలీ స్వరకర్త లూచానో బెరియో దగ్గర చదివిన స్వరకర్త స్టీవ్ రైష్, రాక్ సంగీతకారుడు ఫిల్ లెష్. మృత్పాత్రల విభాగానికి వెళ్ళినా, 1958లో అక్కడ పట్టా పుచ్చుకున్న శిల్పి రాబర్ట్ ఆర్నెసన్ పేరే ముందు వస్తుంది. వీరంతా పురుషులు. మిల్స్ డిగ్రీ తరగతులు ఆడపిల్లలకే అయినా, పై తరగతుల్లో పురుషులను చేర్చుకునేవారు. మహిళా కళాశాల కీర్తిపతాకంలో సగం గుడ్డ వారు నేసిందే. దీనికి తప్పు తరగతి గదిలో ఉందని నేను అనుకోవడం లేదు. మియో దగ్గరే చదివిన జానిస్ గిటెక్ వంటి స్వరకర్త్రులు ఉన్నారు. రికార్డు కంపెనీలు, కచేరీ నిర్వాహకులు ఎవరి పేరు పెద్ద అక్షరాలతో అచ్చువేశారన్నది కళాశాల ప్రహరీకి బయటి సంగతి. కాని ఈ వ్యత్యాసాన్ని దాచి, ప్రసిద్ధుల పట్టికను చూపి మహిళా విద్య ఘనత అని చెప్పే రాతలను చదివినప్పుడు, వీణ వాయించింది ఒకరైతే శాలువా మరొకరికి కప్పినట్లు అనిపిస్తుంది.

నాట్య విభాగంలో ఈ ఫిర్యాదు చెల్లదు, అందుకే నా మార్కుల్లో దానిదే మొదటి స్థానం. ఇక్కడ తాళంచెవి నిజంగా విద్యార్థినుల చేతిలో ఉంది. 1939 వేసవిలో అమెరికా ఆధునిక నృత్యానికి పుట్టిల్లు అనదగిన బెన్నింగ్టన్ వేసవి పాఠశాల మొత్తం తూర్పు తీరం నుంచి తరలివచ్చి మిల్స్‌లో జరిగింది. మార్తా గ్రాహం, డోరిస్ హంఫ్రీ, హాన్యా హోమ్ వంటివారు ఒకే ఆవరణలో పాఠాలు చెప్పారు. తరువాత పేరుపొందిన నర్తకుడు మెర్స్ కన్నింగ్‌హామ్‌ను గ్రాహం తన బృందంలోకి పిలిచింది ఆ వేసవిలోనే. అయితే వేసవి అతిథులకంటే నాకు ముఖ్యమనిపించేది ఏడాది పొడవునా నడిచిన పని. మరియన్ వాన్ టైల్ నడిపిన ఆ విభాగంలో నృత్యం అంటే వ్యాయామ తరగతికి తోక కాదు, కూర్చడం నేర్చుకోవలసిన విద్య. తరగతులకు వాద్యసహకారం అందించడానికి 1937 నుంచి మూడేళ్ళపాటు లూ హారిసన్ అనే కుర్ర స్వరకర్త కొలువులో ఉన్నాడు. అతడు పాత మోటారు సామాన్ల కొట్టుకు వెళ్ళి బ్రేకు డ్రమ్ములు కొని తెచ్చి వాయించేవాడు. 1939, 1940 వేసవుల్లో ప్రయోగాత్మక స్వరకర్త జాన్ కేజ్ కూడా వచ్చి తాళవాద్యాల కచేరీలు చేశాడు. ఇనుప చక్రాలూ పూలకుండీలూ వాద్యాలయ్యాయని అమెరికన్ సంగీత చరిత్రకారులు ఇప్పటికీ ఆశ్చర్యంగా రాస్తారు. ఘటం విని పెరిగిన మనకు కుండ మోగడంలో వింత ఏమీ లేదు; కాని నాట్య తరగతి కోసం వాద్యాన్నే కొత్తగా తయారుచేసుకునే స్వేచ్ఛ ఇచ్చిన విభాగాధిపతిని మాత్రం మెచ్చుకోవాలి.

ఆ విభాగం నుంచి 1958లో పట్టా పుచ్చుకున్న ట్రిషా బ్రౌన్ న్యూయార్క్ వెళ్ళి, జడ్సన్ చర్చి హాలులో మొదలైన కొత్త నృత్య ఉద్యమానికి మూలస్తంభాల్లో ఒకరయింది. 1970లో తాళ్ళ సాయంతో ఒక మనిషిని ఏడంతస్తుల మేడ గోడ మీద నేలకు సమాంతరంగా నడిపించి, దాన్ని నృత్యమంది. నడకను నడకగా చూడమని చెప్పే ఆ చూపు మిల్స్‌లోనే పుట్టిందని నేను ప్రకటించలేను. నాలుగేళ్ళపాటు తన సొంత నృత్యాలు తానే కూర్చుకోమని ఒత్తిడి చేసిన చోటు నుంచి ఆమె వచ్చిందన్నది మాత్రం గమనించదగిన సంగతి.

చిత్రకళా విభాగం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మెరుపంతా వేసవిలోనే ఉంది. నాజీల పాలన నుంచి తప్పించుకుని 1935లో వచ్చిన కళాచరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ నాయ్‌మైయర్ తన పరిచయాలతో ఐరోపా చిత్రకారులను ఇక్కడికి రప్పించాడు. 1936లో లయొనెల్ ఫైనింగర్, 1940లో లాజ్లో మొహోలీ-నాగ్, 1950లో మాక్స్ బెక్‌మన్ వేసవి తరగతులు నడిపారు. బెక్‌మన్ ఆ డిసెంబరులోనే న్యూయార్క్‌లో చనిపోయాడు. గొప్ప విందే, కాని విందు భోజనం రోజువారీ తిండికి ప్రత్యామ్నాయం కాదు. ఆరు వారాల అతిథి పాఠానికీ ఏడాది పొడవునా పక్కన నిలబడి దిద్దే గురువుకూ ఉన్న తేడా తెలిసినవారెవరైనా ఈ పేర్ల జాబితాను చూసి మరీ మురిసిపోరు.

మృత్పాత్రల విభాగం అందుకు సరిగ్గా ఎదురు. అక్కడ పెద్ద పేర్ల ఊరేగింపు లేదు. సారె, బట్టీ, పూత, మళ్ళీ సారె. 1939 నుంచి కార్ల్‌టన్ బాల్, 1950 నుంచి 1967లో మరణించేవరకు స్పెయిన్‌లో పుట్టిన ఆంటోనియో ప్రియెటో ఆ పనిని నడిపారు. ఈ విభాగం ఎవరికి ఏమిచ్చిందో చూపడానికి జేడ్ స్నో వాంగ్ కథ కంటే మంచి రశీదు లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో కుట్టు కర్మాగారం నడిపే తండ్రి, కొడుకుల చదువుకే డబ్బు పెట్టగలనని చెప్పగా, ఆమె సొంతంగా సంపాదించుకుంటూ మిల్స్‌లో చేరి, డీన్ ఇంట్లో వంటా ఇంటిపనీ చేస్తూ 1942లో పట్టా తెచ్చుకుంది. చదివింది ఆర్థిక, సామాజిక శాస్త్రాలు. పక్కన నేర్చుకున్నది కుండలు చేయడం. తరువాత చైనాటౌన్‌లోని గ్రాంట్ అవెన్యూలో ఒక దుకాణపు అద్దాల కిటికీలో ఒక మూల అద్దెకు తీసుకుని, దారిన పోయేవారంతా చూస్తుండగా, మోచేతుల దాకా మట్టితో సారె ముందు కూర్చుని కుండలు చేసి అమ్మింది. చదువుకున్న పిల్ల బురదలో కూర్చుందని సొంతవాళ్ళు నవ్వారు; కొనుగోలుదారులు బారులు తీరారు. 1950లో ఆమె ఆత్మకథ వచ్చేటప్పటికి ఆమె పాత్రలకు మంచి పేరు వచ్చింది. ఇక్కడ అద్దం ఉన్నది వాద్యాన్ని దాచడానికి కాదు, పనిచేసే మనిషిని చూపించడానికి.

శాస్త్ర, సామాజిక విభాగాలను ఈ కళల వెలుగులో ఎవరూ సరిగా చూడరు. 1937లో ఇక్కడ జంతుశాస్త్రంలో పట్టా పొందిన డిక్సీ లీ రే 1973లో అమెరికా అణుశక్తి సంఘానికి అధ్యక్షురాలై, తరువాత వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరయింది. ఆమె రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ ప్రయోగశాలను తక్కువచేసి మాట్లాడలేరు. 1926లో మొదలుపెట్టిన పిల్లల బడి విద్యాశాస్త్ర విభాగానికి సజీవమైన ప్రయోగశాలగా పనిచేసింది. ఉపాధ్యాయురాలు కాబోయే అమ్మాయి మూడేళ్ళ పిల్లల ఏడుపును పుస్తకంలో కాక ఎదురుగా చూసి నేర్చుకునేది.

ఇంత మంచి సరుకున్న దుకాణానికి బోర్డు మాత్రం తప్పుగా రాశారన్నదే నా పెద్ద అభ్యంతరం. 1943 నుంచి 1958 వరకు అధ్యక్షుడుగా ఉన్న లిన్ వైట్ మధ్యయుగ సాంకేతికతను తవ్వి తీసిన గొప్ప చరిత్రకారుడు. కాని 1950లో ఆడపిల్లల చదువుపై రాసిన పుస్తకంలో ఆయన, మహిళా కళాశాలలు పురుషుల పాఠ్యక్రమాన్ని అనుకరించడం మాని, కుటుంబజీవనాన్ని కేంద్రంగా పెట్టుకోవాలనీ, వంటను కూడా ఉన్నతవిద్య స్థాయిలో బోధించాలనీ వాదించాడు. 1963లో స్త్రీవాద రచయిత్రి బెట్టీ ఫ్రీడన్ దానిని గట్టిగా ఎండగట్టింది. ఆయన మాటలో సగం నిజం ఉందని నేను ఒప్పుకుంటాను: మట్టిపనినీ నేతపనినీ ఆడవారి పనులన్న కారణంగానే పండితులు చిన్నచూపు చూశారని ఆయన గమనించాడు, ప్రియెటో సారె తిరిగింది ఆయన హయాంలోనే. కాని వంటకు ఆయన చెప్పిన కారణం నాకు మింగుడుపడదు. ఒకవైపు కుడిచేత్తో నృత్యం కూర్చడం, కిటికీలో కూర్చుని సొంత సంపాదన చేసుకోవడం నేర్పుతూ, ఎడమచేత్తో ఇదంతా మంచి ఇల్లాలు కావడానికేనని రాసిపెట్టడం విద్యార్థినికి చేసిన సాయం కాదు. అదృష్టవశాత్తూ అధ్యక్షుల పుస్తకాలను విద్యార్థినులు తప్పనిసరిగా చదవరు.

1966లో శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్ మిల్స్‌కు తరలివచ్చి, స్వరకర్త్రి పౌలీన్ ఒలివెరోస్ దానికి మొదటి డైరెక్టరయింది. ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోకు ఒక స్త్రీ అధిపతి కావడం ఆ రోజుల్లో ఎంత అరుదో చెప్పనక్కరలేదు. తీగలు గుచ్చుతూ మీటలు తిప్పుతూ శబ్దం చేసే బుక్లా యంత్రం అక్కడ విద్యార్థినులకు అందుబాటులో ఉండేది. నా తూకంరాయికి ఇంతకంటే బరువైన జవాబు దొరకదు కాని, అది నేను గీసుకున్న కాలపు గీతకు కొంచెం అవతల పడుతుంది. ఇంకా అవతల పడేది, 1973 నుంచి 1984 దాకా హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ ఇక్కడ అతిథి ఆచార్యుడుగా గాత్రం నేర్పడం.

ఇప్పుడు చూడబోయేవారికి ఒక్క సూచన. సంగీత భవనానికి వెళ్ళేముందు గంటల గోపురం దగ్గర ఆగండి. 1904లో వాస్తుశిల్పి జూలియా మోర్గన్ ఇనుపకడ్డీల కాంక్రీటుతో కట్టిన ఈ ఎల్ కాంపనీల్, 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో కుప్పకూలినప్పుడు చెక్కుచెదరకుండా నిలిచి, ఆమెకు వరసగా పనులు తెచ్చిపెట్టింది. అందులోని పది గంటలు 1893 చికాగో ప్రపంచ ప్రదర్శన కోసం పోతపోసినవి. గోపురం దగ్గరికి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. మధ్యాహ్నం ఎండకు కాగిన కాంక్రీటు సాయంత్రం కచేరీ మొదలయ్యేదాకా వెచ్చగానే ఉంటుంది.